మావాడు వంతెనకు వేలాడుతూనే ఉన్నాడు

ఆకాశంలో ఎగిరే మగవాళ్ళ మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది. నేలమీద నడిచేవాళ్ళ మీద అంతకుముందే పోయిందనుకోండి, అది వేరే సంగతి. అయినా నెలనెలా వాళ్ళ బొమ్మల పుస్తకం కొన్నాను, చదివాను, తిట్టాను. ఒక మనిషిని ఇన్నేళ్ళపాటు తిడుతూ కూడా వదలకుండా ఉన్నానంటే, కట్టుకున్న ఆయన తరవాత ఆ గౌరవం దక్కింది ఈ ముసుగువాడికే.

"ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటి మామ్మా?" అని ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఈ వయసులో మొదలుపెట్టానా నేను? వీళ్ళ అమ్మానాన్నలు పుట్టకముందునుంచీ చదువుతున్నాను. అప్పుడు వాడు నాకంటే పదేళ్ళు పెద్ద. ఇప్పుడు నాకు మోకాళ్ళు అరిగాయి, పళ్ళు ఊడాయి. వాడు మాత్రం ఎక్కడ ఉన్నవాడు అక్కడే ఉన్నాడు, నుదుటి మీద ఒక్క ముడత లేదు. ఊరి బాధలన్నీ మోసేవాడి మొహం అలా ఉంటుందా? మూడు పొయ్యిల ముందు నిలబడ్డ ఏ ఆడమనిషి మొహమైనా చూసి గీసుంటే తెలిసేది.

నేను చదివింది నాలుగో తరగతి, అంగలకుదురు బడిలో. ఆ తరవాత తమ్ముడు పుట్టాడు. ఉయ్యాల ఊపడానికి చదువుకున్న మనిషి కావాల్సి వచ్చింది కాబోలు, నన్ను మానిపించారు. ఆ కాస్త చదువులో గట్టిగా వంటబట్టింది ఒకటే. వాచకంలో చిలక బొమ్మ బాగుందని చూస్తూ కూర్చుంటే పంతులుగారు వేళ్ళ కణుపుల మీద బెత్తంతో ఒక్కటిచ్చారు. "బొమ్మ చూడ్డానికి బడికెందుకే? అక్షరం చూడు!" అన్నారు. అప్పటినుంచి అక్షరమే చూశాను. దెబ్బకి నేర్చుకున్న చదువు ఊరికే పోదు.

పెళ్ళయి తెనాలి వచ్చాను. మా ఆయనకు కిరాణా కొట్టు. పాత కాగితాలు తూకానికి కొని తెస్తే, మధ్యాహ్నాలు కూర్చుని వాటిని చించి పొట్లాలకు సరిచేసే పని నాది. ఒకరోజు ఆ చిత్తుకాగితాల్లో అట్ట ఊడిపోయిన బొమ్మల పుస్తకం కనిపించింది. కందిపప్పు పొట్లానికి అచ్చంగా సరిపోయే సైజు. చించబోతూ మొదటి వాక్యం చదివాను. చించలేకపోయాను. ఆ పూట కొట్టుకు పొట్లాలు వెళ్ళలేదు. ఏమైందోనని మా ఆయన లోపలికొచ్చారు.

"ఏంటది?"

"ఒకడు వంతెన మోస్తున్నాడండి."

"ఇంట్లో మొగుడు బియ్యం బస్తా మోస్తుంటే ఏనాడైనా తలెత్తి చూశావా?"

"మీ బస్తా కింద జనం లేరుగా," అన్నాను.

ఆయన విసురుగా వెళ్ళిపోయారు. పుస్తకం మాత్రం నా పెట్టెలో ఉండిపోయింది. అదీ మొదలు.

ఆ ముసుగువాడికి పుస్తకంలో పెద్ద పేరే ఉంది. మా ఇంట్లో మాత్రం వాడెప్పుడూ "మావాడే". పగలు ఒక సందులో గడియారాలు బాగుచేస్తుంటాడు. ఆపద వస్తే కళ్ళకు నీలం ముసుగు కట్టుకుని ఎగిరిపోతాడు. గడియారాలు బాగుచేసేవాడు కదా, వేళకు వస్తాడనుకుంటాం. ఏనాడూ రాలేదు. బ్యాంకు దోచాక వస్తాడు, ఇల్లు కాలాక వస్తాడు, రైలు పట్టాలు తప్పాక వస్తాడు. మా రేపల్లె పాసింజరే నయం, దాని ఆలస్యానికి ఒక పద్ధతుంటుంది.

ఆ ముసుగొకటి. కళ్ళ చుట్టూ జానెడు గుడ్డ కట్టుకుంటే వాణ్ణి పక్కింటివాళ్ళు కూడా గుర్తుపట్టరట. తెనాలి మార్కెట్లో నేను ముసుగేసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డా, "పిన్నిగారూ, బెండకాయలు మళ్ళీ విరుస్తున్నారా?" అంటుంది కూరగాయలమ్మి. పైగా వాడికిచ్చి చేస్తామన్న పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్ల కూడా గుర్తుపట్టదు. పెళ్ళి ఎప్పటికప్పుడు వాయిదా. ముహూర్తం పెట్టిన రోజే ఏదో ఒక భవనం కూలుతుంది. నా కూతుళ్ళకు పెళ్ళిళ్ళయి, మనవలు పుట్టి, ఆ మనవలకు సంబంధాలు చూస్తున్నాం. ఆ పిల్ల ఇంకా కిటికీలోంచి ఆకాశం చూస్తూనే ఉంది.

దొంగల్ని పట్టి జైల్లో పెడతాడు. వాళ్ళు వచ్చే నెలకల్లా బయటికొస్తారు. అదే జైలు, అదే గోడ, అదే కన్నం. ఒక్కడంటే ఒక్కడు తాపీమేస్త్రిని పిలవడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఇన్ని పుస్తకాల్లో వాడు అన్నం తిన్నట్టు ఎక్కడా రాయలేదు. వంతెనలు మోసే ఒళ్ళు దేనిమీద నిలబడుతుంది? మా వైపు చేలో ఒక పూట నాటు వేసినవాడికే కూరా పచ్చడీ పెరుగూ లేకపోతే మాట వస్తుంది. ఏం తింటాడో చెప్పని మనిషిని ఎంతవరకని నమ్మడం?

ఇవన్నీ వినడానికి నాకు ఒక మనిషి ఉంది. మా వదిన. మా ఆయనకు అక్క, రేపల్లెలో ఇచ్చారు. బడి మొహం చూడని మనిషి. కానీ ఒక ముగ్గు ఒక్కసారి చూస్తే చాలు, ఇంటికొచ్చి చుక్క తప్పకుండా వేసేస్తుంది. పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో, అదే చీర అంతకుముందు ఎవరి పెళ్ళిలో కట్టారో కూడా చెప్పేస్తుంది. ఒకసారి తెనాలి వచ్చినప్పుడు ఆ అట్టలేని పుస్తకం నా పెట్టెలో చూసి, అరుగు మీద కూర్చుని తిరగేసింది. నేను వంటింట్లో ఉన్నాను.

"ఆ గడ్డం ముసలాడు దొంగేనే అమ్మాయ్," అని అక్కణ్ణించే కేకేసింది. "మొదట్లో వచ్చిన పోలీసాయనా వీడూ ఒకటే."

అప్పటికి నేనింకా అక్కడిదాకా రాలేదు. పొయ్యి దించి కూర్చుని చదివాను. ఆఖర్న అదే తేలింది.

"నీకెలా తెలిసింది వదినా?"

"చెవులు చూడు. ఇద్దరివీ ఒకటే చెవులు."

"చెవుల సంగతి ఎక్కడా రాయలేదే," అన్నాను.

వదిన పడీపడీ నవ్వింది. నేనేదో హాస్యమాడాననుకుంది కాబోలు. నేను హాస్యమాడే మనిషిని కానని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పటినుంచి ఒక ఏర్పాటు కుదిరింది. రెండిళ్ళకు రెండు పుస్తకాలు కొనడం దండగ. నెలకోసారి తెనాలిలో పుస్తకం కొని, పొద్దున పాసింజరెక్కి రేపల్లె వెళ్ళేదాన్ని. కొనేది నేను, తన బీరువాలో దాచేది ఆవిడ, ఆ అట్టలేనిదాంతో సహా. నా ఇంట్లో ఉంటే మా ఆయన పొట్లం కట్టేసేవారు. వదిన వసారాలో మంచం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. పుస్తకం ఆవిడ ఒళ్ళో, వేలు నాది. నేను అక్షరం చదవాలి, ఆవిడ బొమ్మ చూడాలి. నాకు అక్షరాలైపోయి పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"ఆగవే అమ్మాయ్, ఇంకా ఉంది."

"ఏముంది, అయిపోయింది."

"నీకయిపోయింది."

నాకు విసుగొచ్చేది. డబ్బు పెట్టింది అక్షరాలకు. బొమ్మలు, కూరలు కొన్నప్పుడు కొసరు వేసే కరివేపాకులాగ, ఊరికే వచ్చినవని నా లెక్క. చదువు రానివాళ్ళు నొచ్చుకోకుండా వేస్తారేమో అనుకునేదాన్ని. ఆ మాట వదినతో ఎప్పుడూ అనలేదు, అంత తెలివి ఉంది.

మధ్యలో ఒకసారి మావాణ్ణి చంపేశారు. అట్టకు నల్లంచు వేసి మరీ చంపారు. ఆ పుస్తకం చదువుతూ రేపల్లె వసారాలో నాకు ఏడుపొచ్చేసింది. మధ్యాహ్నం అన్నం వద్దన్నాను. వదిన మాత్రం చేపల పులుసు కలుపుకుని నిమ్మళంగా తింది.

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"నీకు ఏడవాలనుంటే ఏడువు, నేనెందుకు కాదంటాను? పులుసు చల్లారిపోతది."

కొన్ని నెలలకు వాడు తిరిగొచ్చాడు. చచ్చింది వాడు కాదట, వాడిలాంటి మరమనిషట! మరి నేను మానేసిన అన్నం మాటేంటి? ఆ చేపల పులుసు ఎవడు తెచ్చిస్తాడు? "వాడి కంటికి రెప్పల్లేవుగా, నాకప్పుడే తెలుసు," అంది వదిన. అంతా అయ్యాక చెప్పేవాళ్ళకేం, ఎన్నైనా చెప్తారనుకున్నాను.

ఆ దెబ్బకి మానేయాల్సింది. మానలేదు. అప్పుడే అసలు కథ మొదలైంది, దానికి ముగింపే లేకుండా పోయింది. ఒక దుర్మార్గుడు ఏదో మందు కలిపి మావాడి శక్తంతా లాగేశాడు. ఇంక ఎగరలేడు. పెద్ద వంతెన మధ్యలో ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. కింద నది. వేళ్ళు జారుతున్నాయి. వచ్చే సంచికలో చూడమన్నారు. వచ్చే సంచిక రాలేదు. ఆ పై నెల కూడా రాలేదు. కంపెనీ మూసేశారండి, అన్నాడు పుస్తకాల కొట్టతను, అగ్గిపెట్టెలైపోయాయి అన్నంత తేలిగ్గా.

మనిషిని వంతెనకు వేలాడదీసి కొట్టు కట్టేసి వెళ్ళిపోతారా? మా ఆయన కొట్టు కట్టేసేముందు త్రాసులో ఉన్న చింతపండు కూడా తీసి డబ్బాలో వేసేవారు. తెనాలిలో పాత పుస్తకాలమ్మే ప్రతివాణ్ణీ అడిగాను. పెళ్ళికని బాపట్ల వెళితే, అక్కడా అడిగాను. ఎవరింటికి వెళ్ళినా అటక మీద పాత కాగితాలుంటే దించమనేదాన్ని. పుస్తకాల పిచ్చి అనుకున్నారు. వాడు పడ్డాడో లేదో తెలియక నాకు ఎలా ఉండేదో వాళ్ళకేం తెలుసు?

"నువ్వయినా చెప్పు వదినా, పడిపోయాడంటావా?"

"పోనీలే, వాడికేం కాదులే," అనేది వదిన, పక్కింటివాళ్ళకు జలుబు చేసిందన్నంత నిదానంగా. "ఆ పిల్ల గట్టిదిలే."

ఆ పిల్లకూ దీనికీ ఏం సంబంధమో నాకర్థమయ్యేది కాదు. మాట మార్చడానికి అంటోందనుకునేదాన్ని. కొత్తవి రాకపోయినా నేను రేపల్లె వెళ్ళడం మానలేదు. బీరువాలోంచి పాతవే తీసి మళ్ళీ చదివాం, మళ్ళీ తిట్టాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మా ఆయన పోయారు, వదిన వాళ్ళాయన పోయారు. మావాడు మాత్రం అలాగే వేలాడుతున్నాడు.

ఈ మధ్య వదినకు షుగరు కళ్ళు తినేసింది. ముందు ఒకటి పోయింది, తరవాత రెండోది. ఇంక చేసేదేమీ లేదన్నారు డాక్టర్లు. ఆ వారం ఫోన్ చేసింది.

"ఇంక రాకే అమ్మాయ్. చార్జీలు దండగ."

"నేను చదువుతా, నువ్వు విను. చెవులకేం కాలేదుగా?"

"బొమ్మ లేకుండా నువ్వు చదివితే పంచాంగం విన్నట్టుంటది. అక్కర్లేదు. నీ ఇంట్లో నువ్వు సుఖంగా కూర్చో."

రావద్దంటే పడి పడి వెళ్ళే మనిషిని కాను. సరేనని ఫోన్ పెట్టేశాను. తరవాత ఆ నెల, పాసింజరు వేళకు సంచి సర్దుకుని కూర్చున్నాను, ఎక్కడికో తెలియకుండా. నన్ను మామ్మ అనేవాళ్ళున్నారు, అత్తయ్య అనేవాళ్ళున్నారు, పిన్నిగారనేవాళ్ళు వీధి నిండా ఉన్నారు. అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకొక్కతే మిగిలింది. ఆవిడ రావద్దంది.

అదుగో, అలాంటప్పుడు బాపట్లలో చదువుకుంటున్న మనవరాలు ఫోన్ చేసింది. "మామ్మా, మీవాడు మళ్ళీ వస్తున్నాడు! తెలుగులోనే. ఆదివారం ఇక్కడ కళ్యాణమండపంలో పుస్తకాలు పెడతన్నారు."

ఆదివారం దాకా నాకు నిద్ర సరిగా పట్టలేదని ఎవరికీ చెప్పలేదు. వంతెన తరవాత భాగం దొరికితే చాలు, అది సంచిలో పెట్టుకుని వెళితే వదిన కాదనలేదు. ముగింపు వినను పొమ్మనే మనిషి ఉంటుందా?

బాపట్లలో మండపం గేటు దగ్గరే కొందరు కుర్రాళ్ళు మావాడి వేషంలో నిలబడి ఉన్నారు. ఆ ఉక్కలో, ఆ బిగుతు బట్టల్లో. చెమటకు నీలం రంగు కారి మెడలు కూడా నీలమయ్యాయి. ఒకడు ముసుగు నెత్తిమీదికి తోసుకుని గోలీసోడా తాగుతున్నాడు.

"ఏం బాబూ, ఎగరవా?"

"ఎండగా ఉందండి మామ్మగారూ."

అచ్చం మావాడే. పని పడ్డప్పుడు ఉండడు.

లోపల బల్ల వెనక కళ్ళద్దాల అబ్బాయి ఒకడు కూర్చున్నాడు. మర్యాదస్థుడే, కుర్చీ వేయించాడు. వంతెన సంగతి అడిగాను.

"ఓ, ఆ పాత కథాండి! అది ఇప్పుడు లెక్కలోకి రాదండి. కొత్త కంపెనీవాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలెట్టారండి. పాతదంతా జరగనట్టేనండి."

"జరగనట్టేంటి? నేను చదివానుగా!"

"అంటే... జరిగిందండి. కానీ వేరే లోకంలో జరిగిందండి."

"ఏ లోకమయ్యా? రేపల్లెలో చదివాం మేము!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మనవరాలు నా కొంగు లాగుతోంది. వదిలించుకుని అడిగాను. "అది సరే. వాడు పడ్డాడా లేదా? ఆ తరవాతి భాగం ఎక్కడుంది?"

ఆ అబ్బాయి తన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎక్కడా లేదండి మామ్మగారూ. అది ఎవరూ గీయనే లేదండి. ఈలోపే కంపెనీ మూతపడిందిగా. నేనూ వెతికానండి."

ఇన్నేళ్ళు లేనిదాని కోసం ఊళ్ళు తిరిగానన్నమాట. కుర్చీ వేయించింది ఇందుకు పనికొచ్చింది.

కొత్త పుస్తకం చేతికిచ్చాడు. కాగితం అద్దంలా మెరుస్తోంది. పొట్లం కట్టడానికి కూడా పనికిరాదు, నూనె పీల్చదు. మావాడిప్పుడు గడియారాలు మానేసి సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. ఆ పిల్లతో పరిచయమే కాలేదు. ఇన్నేళ్ళు కిటికీలో నిలబెట్టి, ఇప్పుడు ఆ పిల్ల ఎవరో తెలియదంటున్నాడు! అయినా కొన్నాను.

"ఇంటికి పోదామా మామ్మా?" అంది మనవరాలు.

"రేపల్లె బస్సెక్కించు," అన్నాను.

ముగింపు లేకపోతే లేకపోయింది. లేదని చెప్పి తిట్టుకోవడానికైనా మనిషి కావాలి కదా.

వదిన వసారాలో మంచం మీద వీధివైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. మెట్టెక్కగానే, "రావద్దన్నాగా," అంది.

"నీకోసం రాలేదు. బస్సు ఇటొచ్చింది."

ఆవిడ కొంచెం పక్కకు జరిగింది. మంచం మీద నా చోటు అది. కూర్చుని పుస్తకం తీశాను. అలవాటుగా ఆవిడ ఒళ్ళో పెట్టబోయి, మళ్ళీ నా ఒళ్ళోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాను. వదిన కాసేపు విని ఆవలించింది.

"ఎవరే ఆ మాట్లాడేది?"

"ఒకాయన."

"ఎక్కడున్నాడు?"

"గదిలో."

"గదిలో ఏముంది?"

"గదిలో ఏముంటది వదినా, గోడలు."

"చూశావా? అందుకే రావద్దన్నా," అని అటు తిరిగి పడుకోబోయింది.

నాకు పౌరుషం వచ్చింది. "గోడలు కాకపోతే ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

వదిన మళ్ళీ లేచి కూర్చుంది. "ఇల్లు ఊడ్చేటప్పుడు ఎక్కణ్ణించి మొదలెడతావే?"

"మూలనించి."

"బొమ్మా అంతే. మధ్యలో మనిషి మీద పడకు, వాడెక్కడికీ పోడు. ఎడమ మూలనించి ఊడ్చుకుంటూ రా."

ఊడ్చాను. చెప్పడానికి సిగ్గేసింది, ఒకటో తరగతి పిల్లలాగ. మూలన కుర్చీ ఉంది. కుర్చీ మీద గొడుగు. గొడుగు పిడి చిలక ముక్కులా వంకరగా ఉంది. కిటికీ అద్దం పగిలింది. మాట్లాడే ఆయన బూట్లకు బురద. ఒక్కో బొమ్మకు ఇంత సామానుంటుందని నాకెవరు చెప్పారు? ఒక పేజీ ఊడవడానికి అంతకుముందు సగం పుస్తకం చదివేంత సేపు పట్టింది. వదిన మధ్యమధ్యలో, "ఆ పైన చూశావా? అటక కింద?" అంటూ నా వెనక పడింది, కోడలి పనికి వంకలు పెట్టే అత్తగారిలాగ.

నాలుగు పేజీలయ్యాక నా నోరు నాకు తెలియకుండానే ఆగిపోయింది.

"వదినా, ఆ చిలక ముక్కు గొడుగు మళ్ళీ వచ్చింది."

"ఎవరి చేతిలో?"

"డాక్టరు చేతిలో."

"అయితే దొంగ డాక్టరే."

డాక్టరే. ఆ ముక్క అక్షరాల్లో రాయడానికి కంపెనీవాళ్ళకు ఇంకా బోలెడు పేజీలు పట్టింది.

పుస్తకం ముగించి, బాపట్లలో విన్నది చెప్పాను. "ఆ వంతెన తరవాత భాగం గీయనే లేదట వదినా. ఇంక ఎప్పటికీ తెలీదు."

"ఇంకా ఏం తెలియాలే నీకు?"

"వాడు పడ్డాడో లేదో తెలియొద్దూ?"

వదిన నావైపు మొహం తిప్పింది. కనపడదని తెలుసు. అయినా చూస్తున్నట్టే ఉంది.

"బీరువాలో అన్నిటికంటే పైనుంటది, ఆ ఆఖరి పుస్తకం తీసుకురా. ఆఖరి బొమ్మ తియ్యి. ఊడువు."

తెచ్చాను. ఆ పేజీ నాకు కంఠస్థం, అంటే అక్షరాలు కంఠస్థం. ఎడమ మూలనించి మొదలుపెట్టాను. ఇనుప కమ్మీలు. కమ్మీని పట్టుకున్న వేళ్ళు. చిరిగిన చొక్కా. కింద నీళ్ళు.

"నీళ్ళల్లో?"

"నీళ్ళల్లో నీళ్ళే."

"కుడి మూలదాకా వెళ్ళావా?"

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. కుడి మూలన, కింద, చిటికెన వేలి గోరంత పడవ ఉంది. వాడికి సరిగ్గా కిందికి వస్తోంది.

"పడవ," అన్నాను.

"పడవలో?"

"ఆ పిల్ల. తెడ్డు వేస్తోంది."

"ఇంకా?"

"గడ్డి. పడవ నిండా గడ్డి మోపులు."

"మరి?" అంది వదిన.

ఏం చెప్పమంటారు? ఎన్ని అటకలు దింపించాను, ఎంతమంది కొట్లవాళ్ళతో తగువు పెట్టుకున్నాను! చిటికెన వేలి గోరంత పడవ, నా చూపుడు వేలికి పక్కనే ఉంది అన్నాళ్ళూ.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు పెద్దదైంది.

"కళ్ళెదురుగా ఉన్నదాన్ని చెప్పడమేంటే? చదువుకున్నదానివి. నాకు తెలిసింది నీకు తెలీదని అనుకుంటానా? ఆ కంపెనీవాణ్ణి తిట్టడం నీకిష్టమనుకున్నా. అందుకే వస్తన్నావనుకున్నా. నువ్వు తిడతా ఉంటే నాకూ కాలక్షేపంగా ఉండేది."

"మరి ఆ చెవులు నిజంగా ఒకటేనా?"

"ఒకటేగా."

"కంటి రెప్పలు?"

"అయ్యో రాత, అవీ చూడలేదా?" అంది వదిన. ఈసారి నవ్వలేదు. "నువ్వు నిజంగానే ఏడ్చావా ఆ రోజు? నేనింకా..." అని ఆగి, చెయ్యి చాచి వెతుక్కుంది. నా మోచెయ్యి దొరికింది. దాన్ని పట్టుకుని కూర్చుంది.

నాకు ఇలాంటివి పడవు. "ఆ వెధవ అన్నం తినడని ఇన్నేళ్ళు మొత్తుకున్నాను. దానికేమంటావ్?" అన్నాను.

"ఎందుకు తినడే? ఆ గడియారాల బల్ల మీద క్యారేజీ ఉండేదిగా. ఆ పిల్లే పంపేది. పిల్ల చేతిసంచీ మీదున్న పువ్వే ఆ క్యారేజీ మీదా ఉండేది."

పంతులుగారు గుర్తొచ్చారు. ఆయన ఏ లోకంలో ఉన్నా సరే, ఆ బెత్తం ఒకసారి ఇలా ఇమ్మని అడగాలనిపించింది.

"ఏడ్చింది చాలు గానీ, మొదటిది తియ్యి. అట్టలేనిది," అంది వదిన.

"మళ్ళీ మొదటినుంచా?"

"నువ్వసలు చూస్తే కదా, మళ్ళీ అనడానికి."

మొదటినుంచి మొదలెట్టారని పొద్దున బాపట్లలో అంతమంది ముందు తగువాడి వచ్చినదాన్ని, సాయంత్రం రేపల్లె వసారాలో మొదటి పుస్తకం మొదటి పేజీ తెరిచాను. కాగితం పసుపుపచ్చగా అయిపోయింది. మూలలకు ఇంకా మా కొట్టు కందిపప్పు వాసన ఉన్నట్టే ఉంది. గడియారాల కొట్టు. ఎడమ మూలనించి వచ్చాను. గోడ, గోడకు గడియారాలు, దేని వేళ దానిది. స్టూలు. బల్ల కాలు. బల్ల.

"ఉందా?"

"ఉంది. మూత కూడా తీసి ఉంది."

"ఏం కూరే?"

పుస్తకాన్ని వెలుతురుకు తిప్పి, మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. వదిన చెయ్యి పేజీ మీదికి వచ్చింది, తిప్పేద్దామన్నట్టు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు వదినా, ఇంకా ఉంది."